వరద చందా ఏ దారిన పంపాలి? సహాయ నిధి, పాత ట్రస్టు, సొంత సంస్థ: ఎవరికి ఏది కుదురుతుంది

2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరుకు గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ మునిగింది. ఖమ్మంలో మున్నేరు కాలనీల మీదికి వచ్చింది. ఆ సాయంత్రం మా పూర్వ విద్యార్థుల సంఘం వాట్సాప్ గ్రూపులో ఒక మిత్రుడు తన యూపీఐ నంబరు పెట్టి "ఎవరికి తోచింది వాళ్లు వేయండి" అన్నాడు. మూడు రోజుల్లో 4 లక్షల 60 వేలు పడ్డాయి. పాల ప్యాకెట్లు, నీళ్ల సీసాలు, పులిహోర పొట్లాలు ట్రాక్టరు మీద ముంపు వీధుల్లోకి వెళ్లాయి. జరిగిన పనికి వంక పెట్టడానికి లేదు. వంక మార్చిలో బయటపడింది. "అన్నా, నేనిచ్చిన 20 వేలకు 80జీ రసీదు పంపుతారా?" అంటూ ఒకరి తర్వాత ఒకరు ఫోన్లు. కోశాధికారిగా నా దగ్గరున్నవి ఒక రూళ్ల నోటు పుస్తకం, పాల దుకాణం బిల్లులు, ట్రాక్టరు డ్రైవరు సంతకం చేసిన ఒక చిత్తు కాగితం. వాటిలో ఏదీ ఎవరికీ రూపాయి పన్ను తగ్గించదు.

ఆ తర్వాత ఆడిటరు గారి ముందు కూర్చుని, మొట్టికాయలు తిని తెలుసుకున్నవే ఇక్కడ రాస్తున్నాను. ఒక మాట ముందే చెప్పాలి. కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది, సెక్షన్ల అంకెలు, ఫారాల నంబర్లు మారాయి. అయినా 80జీ (దాతకు పన్ను మినహాయింపు ఇచ్చే సెక్షన్), 12ఏబీ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు తెచ్చే నమోదు) అన్న పాత పేర్లే అందరి నోటా నానుతున్నాయి కాబట్టి నేనూ అవే వాడుతున్నాను.

రాయితీ కోసం ఇచ్చేవారు ఎంతమంది?

చందా అడిగేటప్పుడు "80జీ ఉంది" అని చెప్పడం మనకు అలవాటు. ఆ మాటకు ఇప్పుడు పాత బలం లేదు. కొత్త పన్ను విధానంలో ఉన్నవారికి 80జీ మినహాయింపు అసలు వర్తించదు. 2023-24 నుంచి ఎవరూ ఏదీ ఎంచుకోకపోతే కొత్త విధానమే లెక్కలోకి వస్తుంది. 2025-26 నుంచి ఆ విధానంలో 12 లక్షల వరకు ఆదాయానికి పన్నే పడటం లేదు కనుక జీతగాళ్లలో చాలామంది అటే వెళ్లారు.

పాత విధానంలోనే ఉండి 30 శాతం శ్లాబులో పన్ను కట్టే ఒక ఉద్యోగి 50 వేలు ఇచ్చారనుకుందాం. ముఖ్యమంత్రి సహాయ నిధికి ఇస్తే 50 వేలకూ మినహాయింపు ఉంటుంది. సెస్సుతో కలిపి 15,600 పన్ను తగ్గుతుంది. 80జీ ఉన్న ఒక ట్రస్టుకు ఇస్తే సగానికే మినహాయింపు, అంటే తగ్గేది 7,800. కొత్త విధానంలో ఉన్న ఆయన పక్క బల్ల ఉద్యోగి అదే 50 వేలు ఎవరికిచ్చినా తగ్గేది సున్నా.

అందుకే చందా మొదలుపెట్టే ముందు, పెద్ద మొత్తాలు ఇవ్వగల పదిమందిని మీరు ఏ విధానంలో ఉన్నారని అడగండి. పదిలో ఎనిమిది మంది కొత్త విధానం అంటే, పన్ను రాయితీ కోసం మీరు పడే తంటాలన్నీ మిగిలిన ఇద్దరి కోసమే. మా సంఘంలో అడిగి చూస్తే దాదాపు అదే తేలింది.

"నా ఖాతాలో వేయండి"

అన్నిటికన్నా వేగమైన దారి ఇదే, అన్నిటికన్నా చెడ్డదీ ఇదే. ఒక వ్యక్తికి ఏడాదిలో బంధువులు కానివారి నుంచి ఊరికే వచ్చిన సొమ్ము 50 వేలు దాటితే, దాటిన భాగం ఒక్కటే కాదు, మొత్తం అతని ఆదాయంగా లెక్కకు వస్తుంది. "నేను చేతులు మారుస్తున్నాను తప్ప తినలేదు" అని చెప్పుకోవచ్చు. కానీ ఆ సంగతి రుజువు చేసుకోవాల్సింది ఖాతాదారుడే. మా మిత్రుడి అదృష్టం కొద్దీ నోటు పుస్తకంలో ప్రతి లావాదేవీ తేదీతో సహా ఉంది. ఖర్చులన్నీ అదే ఖాతా నుంచి జరిగాయి. అయినా ఆ వేసవంతా అతను నిద్ర సరిగా పోలేదు. దివిసీమ ఉప్పెన వచ్చిన 1977లో ఎన్టీ రామారావు, అక్కినేని నాగేశ్వరరావు ఊరూరా తిరిగి చందాలు పోగుచేసిన రోజులు వేరు. ఇప్పుడు ప్రతి వంద రూపాయల బదిలీ వెనకా పాన్ నంబరు ఉంటుంది.

ఇలాగే చేయక తప్పదంటే, చందా 50 వేల లోపు ఆగిపోయే చిన్న సాయాలకు మాత్రమే చేయండి. అప్పుడు కూడా రసీదు రాదని దాతలకు ముందే చెప్పండి.

ముఖ్యమంత్రి సహాయ నిధి, ప్రధాని నిధులు

పన్ను పరంగా వీటికి సాటి లేదు. రెండు రాష్ట్రాల ముఖ్యమంత్రి సహాయ నిధులు, 1948 జనవరిలో దేశ విభజన నిర్వాసితుల కోసం మొదలైన ప్రధానమంత్రి జాతీయ సహాయ నిధి, 2020 మార్చిలో వచ్చిన పీఎం కేర్స్, అన్నిటికీ నూరు శాతం మినహాయింపు. ఆదాయంలో ఇంత శాతానికి మించకూడదన్న పరిమితి కూడా లేదు. 1996 నవంబరులో కోనసీమను ఊడ్చేసిన తుపాను తర్వాత పెట్టిన ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి తుపాను సహాయ నిధి పేరు చాలామందికి గుర్తులేదు గానీ, 80జీ జాబితాలో అది విడిగా కనిపిస్తుంది. ఒక విపత్తు పేరుతో ఒక నిధి చట్టంలోకి ఎక్కడం అరుదు.

ఇక్కడ చాలా సంఘాలు చేసే పొరపాటు ఒకటుంది. యాభై మంది దగ్గర పోగుచేసి ఒకే ఖాతా నుంచి ముఖ్యమంత్రి నిధికి చెక్కు పంపుతారు. చెక్కు అందజేస్తూ ఫోటో దిగుతారు. రసీదు మాత్రం ఆ ఖాతా ఎవరిదో వారి పేరునే వస్తుంది. మిగిలిన నలభై తొమ్మిది మందికి మినహాయింపు అడిగే ఆధారం ఉండదు. ఎవరికి వారే నేరుగా నిధి ఖాతాకు పంపి, రసీదు చిత్రాన్ని గ్రూపులో పెట్టమనడం మేలు. మొత్తం ఎంతయిందో కూడుకుంటే సంఘం పేరూ నిలుస్తుంది. ఫోటో ఒక్కటే పోతుంది, పోనివ్వండి.

ఉద్యోగులకు ఇంకా సులువైన దారి ఉంది. ఒక రోజు జీతం యాజమాన్యం ద్వారా ముఖ్యమంత్రి నిధికి వెళ్తే, యాజమాన్యం ఇచ్చే ధ్రువపత్రం చాలు, ఫారం 16లోనే మినహాయింపు పడుతుంది. మామూలు ట్రస్టుకు ఇచ్చిన చందాను మాత్రం ఉద్యోగి రిటర్నులో తానే చూపుకోవాలి.

లోటు ఏమిటంటే, మీ డబ్బు మీరనుకున్న వీధికే వెళ్తుందన్న హామీ ఉండదు. ఆ నిధి నుంచి పేదల ఆసుపత్రి బిల్లులకూ సాయం అందుతుంది. అది మంచి పనే. కానీ "మా బడి వెనక వీధిలో కుట్టుమిషన్లు పోగొట్టుకున్న ముప్పై కుటుంబాలకు" అని మీ మనసులో ఉంటే, ఈ దారి మీకు తృప్తినివ్వదు.

నేరుగా పంచాయతీకి ఇవ్వడమూ ఉంది. 2024 వరదల్లో పవన్ కల్యాణ్ రెండు రాష్ట్రాల ముఖ్యమంత్రి నిధులకు చెరో కోటి కాక, 400 పంచాయతీలకు లక్ష చొప్పున ప్రకటించారు. పన్ను లెక్కలో స్థానిక సంస్థకు ధర్మకార్యం కోసం ఇచ్చిన సొమ్ముకు సగమే మినహాయింపు, అదీ పరిమితికి లోబడి. ఊరి మీద మమకారం ఉన్నవారికి మాత్రం ఈ దారి ఒకసారి ఆలోచించదగినది.

ఇప్పటికే ఉన్న ట్రస్టు నీడలో

మాలాంటి సంఘాలకు నా ఓటు దీనికే. పదేళ్లుగా పనిచేస్తున్న, 12ఏబీ, 80జీ రెండూ ఉన్న ఒక స్థానిక ట్రస్టుతో ముందే మాట్లాడుకుని, చందా వారి ఖాతాలో పడేలా, ఖర్చు మీ కార్యకర్తల చేతుల మీదుగా జరిగేలా ఒప్పందం చేసుకోవడం. రసీదులు, ఆడిటు వాళ్లు చూసుకుంటారు. వీధులు తెలిసినవారు మీరు.

దాతకు ఇక్కడ సగం మినహాయింపే. అదీ సర్దుబాట్లు చేశాక తేలిన మొత్తం ఆదాయంలో 10 శాతం వరకు ఇచ్చిన సొమ్ముకే. ఆ ఆదాయం 14 లక్షలు ఉన్నవారు 2 లక్షలు ఇస్తే లెక్కలోకి వచ్చేది 1 లక్షా 40 వేలు, మినహాయింపు 70 వేలు. నగదు ఇస్తే 2 వేలు దాటిన చందాకు మినహాయింపు లేదు. బియ్యం బస్తాలు, దుప్పట్లు ఎన్ని ఇచ్చినా 80జీ లెక్కలోకి రావు, డబ్బు మాత్రమే వస్తుంది.

మాట్లాడుకునేటప్పుడు మొహమాటం లేకుండా అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. ట్రస్టు పత్రంలో ఆశయాలు ఏమిటి? పేదల సహాయం అని ఉంటే సరిపోతుంది. విద్య ఒక్కటే ఆశయంగా రాసుకున్న ట్రస్టు వరద బియ్యం పంచితే రేపు ఆడిటులో ప్రశ్న వస్తుంది. దాతల పాన్ నంబర్లు తీసుకుని ఏటా మే 31 లోపు విరాళాల నివేదిక పంపుతున్నారా? పాత నంబర్లలో అది 10బీడీ. అది పంపితేనే దాతకు 10బీఈ ధ్రువపత్రం వస్తుంది, అది లేకపోతే అందంగా అచ్చువేసిన రసీదు కూడా చెల్లదు. ఆలస్యమైతే ట్రస్టుకు రోజుకు 200 రుసుము పడుతుంది. కాబట్టి చందా ఇచ్చిన రోజునే పాన్ తీసుకోవాలి. మేము మార్చిలో పాన్ నంబర్ల కోసం తిరిగిన తిరుగుడు పగవాడికి కూడా వద్దు.

కుల సంఘాల సంగతి విడిగా చెప్పాలి. మన దగ్గర విపత్తు వస్తే ముందు కదిలేవాటిలో అవీ ఉంటాయి, సత్రాలు తెరుస్తాయి, వంటలు మొదలుపెడతాయి. కానీ ఒక కులం లేదా ఒక మతం వారి మేలు కోసమే అని పత్రంలో రాసుకున్న సంస్థకు 80జీ ఆమోదం రాదు. ఎస్సీ, ఎస్టీ, వెనకబడిన తరగతులు, మహిళలు, పిల్లల కోసం పెట్టిన సంస్థలకు ఈ అడ్డు లేదు. కాబట్టి సంఘం పెద్ద ఎంత గట్టిగా "మనకు 80జీ ఉందండీ" అన్నా, ఆమోద పత్రం చూడనిదే నమ్మకండి.

సొంత సంస్థ పెట్టుకుందామా?

ప్రతి వరద తర్వాతా ఈ ఊపు వస్తుంది. మాకూ వచ్చింది. సొసైటీ అయితే 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు కావాలి, ట్రస్టు అయితే పత్రం రాసుకుని రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. తర్వాత పాన్, బ్యాంకు ఖాతా, స్వచ్ఛంద సంస్థల కోసం పెట్టిన నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్‌లో నమోదు, ఆపైన ఆదాయపు పన్ను శాఖకు దరఖాస్తు. మొదట తాత్కాలిక నమోదు మూడేళ్లకు ఇస్తారు. దానికి పెద్దగా పరీక్ష లేదు. కానీ ఇదంతా చేతికొచ్చేసరికి వారాలు గడుస్తాయి. సింగ్‌నగర్ ఇళ్లలో బురద అప్పటికి ఎండి, గోడల మీద నీటి గీత మాత్రమే మిగిలి ఉంటుంది. ఆమోదం రాకముందు ఇచ్చిన చందాలకు మినహాయింపు వెనక్కి తిరిగి రాదు.

తాత్కాలిక నమోదులో ఒక మెలిక ఉంది. పని మొదలుపెట్టిన ఆరు నెలల్లోపు పూర్తి నమోదుకు దరఖాస్తు చేయాలి. మూడేళ్ల గడువు ఉంది కదా అని నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంటే, మొదటి దుప్పటి పంచిన రోజు నుంచే గడియారం నడుస్తూ ఉంటుంది. పూర్తి నమోదు మామూలుగా ఐదేళ్లకు. 2025 సవరణ తర్వాత చిన్న సంస్థలకు, అంటే అంతకుముందు రెండేళ్లలో ఏ ఏడూ ఆదాయం 5 కోట్లు దాటనివాటికి, 12ఏబీ నమోదు పదేళ్లకు పెంచారు. ఇది మంచి మార్పు, చిన్నవాళ్లకు ఐదేళ్లకోసారి జరిగే జాతర తప్పింది.

వచ్చిన ఆదాయంలో 85 శాతం ఆ ఆర్థిక సంవత్సరంలోనే ఖర్చు పెట్టాలి. సెప్టెంబరులో వరద వస్తే మార్చి వరకు ఏడు నెలలున్నాయి, పర్వాలేదు. కానీ డబ్బు ఇళ్ల మరమ్మతులకో పిల్లల చదువుకో దాచాలంటే, ఫలానా పని కోసం కూడబెడుతున్నామని గడువులోగా ఫారం దాఖలు చేయాలి. అలా అయిదేళ్ల వరకు ఉంచుకోవచ్చు. హుండీలో పడినట్టు పేరు లేకుండా వచ్చిన చందాలు మొత్తం విరాళాల్లో 5 శాతం, లేదా లక్ష రూపాయలు, ఏది ఎక్కువైతే అది దాటితే, దాటిన భాగం మీద 30 శాతం పన్ను పడుతుంది. కూడలిలో డబ్బాలు పట్టుకుని తిరిగే కుర్రాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పరు.

మూడేళ్ల తర్వాత కూడా ఏటా సమావేశం పెట్టి, లెక్కలు రాసి, ఆడిటు చేయించే ఇద్దరు మనుషులు మీలో ఉన్నారా? ఉంటే పెట్టండి. లేకపోతే వద్దు. మాలో ఒక్కరే తేలారు, అందుకే మానుకున్నాం.

కంపెనీల డబ్బు

గ్రాంట్ల మాటకొస్తే, ప్రభుత్వ విపత్తు నిధులు స్వచ్ఛంద సంస్థలకు పంచేందుకు పెట్టినవి కావు. అవి కలెక్టర్ల ద్వారా బాధితులకు వెళ్తాయి. చిన్న సంస్థకు గ్రాంటు అంటే ఎక్కువగా కంపెనీల సామాజిక బాధ్యత నిధులే. నికర విలువ 500 కోట్లు, లేదా టర్నోవరు 1000 కోట్లు, లేదా నికర లాభం 5 కోట్లు ఉన్న కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఇలా ఖర్చు చేయాలి. 2019లో ఆ జాబితాలో విపత్తు సహాయం, పునరావాసం, పునర్నిర్మాణం స్పష్టంగా చేరాయి.

ఇందులో మనకు అనుకూలమైన చిక్కు ఒకటుంది. కంపెనీ ముఖ్యమంత్రి సహాయ నిధికి ఇచ్చే సొమ్ము సామాజిక బాధ్యత ఖర్చు కింద లెక్కకు రాదు. ప్రధాని నిధికి ఇస్తే వస్తుంది, రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థకు ఇస్తే వస్తుంది, అర్హత ఉన్న ట్రస్టు ద్వారా చేసినా వస్తుంది. అంటే ఊళ్లోని ఫ్యాక్టరీ వాళ్లు స్థానికంగా ఏదైనా చేయాలనుకుంటే మంచి ట్రస్టు కోసం వాళ్లే వెతుకుతుంటారు. కానీ ఆ ట్రస్టుకు 12ఏబీ, 80జీ, సీఎస్‌ఆర్-1 (కంపెనీల సామాజిక బాధ్యత నిధులు తీసుకునేందుకు చేసుకునే) నమోదు, మూడేళ్ల అనుభవం ఉండాలి. నిన్న పెట్టిన సంస్థకు తలుపు తెరుచుకోదు. పైగా ఈ డబ్బు పులిహోర పొట్లాల వేళకు రాదు. బోర్డు ఆమోదాలు, విడతలు, వినియోగ పత్రాలు దాటుకుని, ఇళ్లకు కప్పులు వేసే వేళకు వస్తుంది. ఆ పనికి ఇదే సరైన డబ్బు.

అమెరికా నుంచి వచ్చిన 500 డాలర్లు

మా చందాలో అన్నిటికన్నా పెద్ద తలనొప్పి ఇదే. న్యూజెర్సీలో ఉండే మా బ్యాచ్ మిత్రుడు ప్రేమగా 500 డాలర్లు పంపాడు. అంతకుముందు ఏడాదే అతనికి అమెరికా పౌరసత్వం వచ్చింది. పాత పాస్‌పోర్టు, కొత్త పాస్‌పోర్టు రెండూ నీలం అట్టలే, చట్టానికి మాత్రం రెండూ ఒకటి కావు. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసి తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. ఓసీఐ కార్డు (భారత మూలాలున్న విదేశీయులకు ఇచ్చేది) ఉన్న విదేశీ పౌరుడు పంపితే విదేశీ విరాళమే. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద నమోదో ముందస్తు అనుమతో లేని సంస్థ దాన్ని ముట్టుకోకూడదు. ఆ 500 తిప్పి పంపాం.

ఆ నమోదు రావాలంటే సంస్థకు కనీసం మూడేళ్ల వయసు, ఆ మూడేళ్లలో 15 లక్షల ఖర్చు ఉండాలి. డబ్బు దిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోకే రావాలి. 2020 సవరణ తర్వాత, నమోదు ఉన్న పెద్ద సంస్థ విదేశీ సొమ్ము తీసుకుని మరో సంస్థకు ఇవ్వడం కూడా కుదరదు. కాబట్టి "వాళ్ల ఖాతాలో వేయించి మనం తీసుకుందాం" అన్న ఆలోచన మానుకోండి, ఖర్చు కూడా వాళ్లే పెట్టాలి. ముఖ్యమంత్రి నిధుల్లో విదేశీ విరాళాలకు అనుమతి మొదట మహారాష్ట్రకు 2025లో వచ్చింది. ప్రధాని నిధులు విదేశాల నుంచి వచ్చేవి తీసుకుంటాయి.

అక్కడివారికి అక్కడి పన్ను రాయితీ కావాలంటే అక్కడ నమోదైన సంస్థకే ఇవ్వాలి. మన ఊరి ట్రస్టు 80జీ పత్రం అమెరికా రిటర్నులో పనికిరాదు. ప్రవాస తెలుగువారికి నా సలహా ఒక్కటే: పంపే ముందు మీ పాస్‌పోర్టు ఏ దేశానిదో చెప్పండి, కోశాధికారి అడగడానికి మొహమాటపడతాడు.

దుకాణదారుల చీరలు

బట్టల వర్తకులు నిల్వలోని చీరలు, దుప్పట్లు ఉచితంగా ఇస్తారు. ఉచితంగా ఇచ్చిన సరుకు మీద వాళ్లు ముందు తీసుకున్న ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ (సరుకు కొన్నప్పుడు కట్టిన జీఎస్టీకి దొరికిన తగ్గింపు) వెనక్కి కట్టాలి, సరుకుకు 80జీ కూడా రాదు. అదే వర్తకుడు ట్రస్టుకు బ్యాంకు ద్వారా డబ్బు ఇచ్చి, ట్రస్టు ఆయన దగ్గరే కొంటే లెక్క శుభ్రంగా ఉంటుంది. కొన్నప్పుడు కట్టిన జీఎస్టీ మాత్రం ట్రస్టుకు తిరిగి రాదు, దాన్నీ ఖర్చులోనే రాసుకోవాలి.

మిగిలిన డబ్బు

2001 గుజరాత్ భూకంపం తర్వాత మామూలు ట్రస్టులకు ఇచ్చిన చందాలకూ కొన్ని నెలల పాటు నూరు శాతం మినహాయింపు ఇచ్చారు. దానికి పెట్టిన షరతులు నాకు నచ్చాయి: భూకంప సహాయానికి విడి లెక్కలు రాయాలి, గడువులోగా ఖర్చుకాని సొమ్ము ప్రధానమంత్రి జాతీయ సహాయ నిధికి పంపాలి. ఇప్పుడు చట్టం అడగకపోయినా, చందా మొదలుపెట్టే రోజునే "మిగిలితే ఎక్కడికి" అన్నది గ్రూపులో రాసిపెట్టండి. డబ్బు మిగలడం కన్నా, మిగిలిన డబ్బు గురించి జరిగే చర్చలు సంఘాలను ఎక్కువ చీలుస్తాయి.

మా 4 లక్షల 60 వేలలో 31,250 మిగిలింది. మూడు వారాలు వాదించుకుని ముఖ్యమంత్రి సహాయ నిధికి పంపాం. ఖాతా మిత్రుడిది కాబట్టి రసీదు అతని పేరునే వచ్చింది. అతను కొత్త పన్ను విధానంలో ఉన్నాడు. ఆ కాగితాన్ని అచ్చుతీసి నోటు పుస్తకం చివరి పేజీకి జిగురుతో అంటించాడు.